పొయ్యి వెనక చలి

మా తోడికోడలిని ఎవరైనా ఒక్క మాట తక్కువ చేసి మాట్లాడితే నేను ఒంటికాలి మీద లేస్తాను. అలాగని మొదటిరోజు నుంచీ నెత్తిన పెట్టుకున్నానని కాదు. కాపురానికొచ్చిన కొత్తలో వంటింట్లో నిలబడి, టీ గ్లాసులో ఏదో తీగ ముంచి, "ఇప్పుడు తాగొచ్చక్కా, నోరు కాలదు" అన్న మనిషిని ఎవరు మాత్రం నెత్తిన పెట్టుకుంటారు! టీ కాలుతుందో లేదో చెప్పడానికి నాకు నోరుంది, నాలుకుంది. తీగెందుకు?

మాది బేకరీ. వీధివైపు గదిలో అమ్మకం, మధ్య గదిలో పొయ్యి, పెరటివైపు గదిలో పిండి. పొయ్యి దగ్గర నేను, వ్యాను మీద మా ఆయన, అందరి నెత్తి మీదా మా మామగారు. మా మరిదికి ఓడ మీద ఉద్యోగం, ఇంటిపట్టున ఉండేది తక్కువ. అతని భార్యే ఈ తోడికోడలు. ఇంట్లో అందరికీ 'చిన్నది'. గాజు ఫ్యాక్టరీలో ఇంజినీరు. అక్కడ గాజు కరిగే కొలిమిలో వేడి ఎంతుందో, ఎక్కడ ఎక్కువైందో, ఎక్కడ తగ్గిందో కనిపెట్టి చెప్పడం దాని పని.

మామగారికి ముక్కు మీద కోపం. ఆయన గొంతు వినిపిస్తే బేకరీ ముందు నిలబడి కబుర్లాడుకునేవాళ్లు కూడా సర్దుకుని లైన్లో నిలబడతారు. అయితే ఆ కోపం వెనక పని ఉంది. మా పొయ్యి కట్టెల పొయ్యి. ఆయన వయసులో ఉండగా ఇటుక మీద ఇటుక పేర్చి సొంత చేతులతో కట్టుకున్నది. ఇంతవరకు ఒక్క ఇటుక కదలలేదు. వేడి చూడాలంటే గుప్పెడు పిండి పొయ్యి నేల మీద చల్లి, అది ఎంతలో ఏ రంగుకు తిరుగుతుందో చూస్తారు. "ఊఁ" అంటే ట్రేలు లోపలికి పోవాలి. "ఆగు" అంటే, చేతిలో ట్రే ఎంత బరువున్నా, నేను అలాగే నిలబడాలి.

చిన్నది వచ్చిన కొత్తలో ఒకరోజు ఆయన "ఊఁ" అనగానే తన తీగ పొయ్యిలోకి దూర్చి చూసింది. "సరిగ్గా ఉంది మామయ్యా! డిగ్రీ కూడా తేడా లేదు!" అని సంబరపడిపోయింది.

"సరిగ్గా ఉందని నేను చెప్పాక మళ్లీ నీ తీగ చెప్పడమెందుకు?" అని ఆయన కస్సుమన్నారు.

ఆ రోజు నుంచి దానికి 'థర్మామీటరు' అని పేరు పెట్టారు. థర్మామీటరు ఇంటికొచ్చిందా, థర్మామీటరు అన్నం తిన్నదా, అదీ వరస. ఇంకొకరైతే మూతి ముడుచుకుని గదిలో కూర్చునేవారు. ఇది పడీ పడీ నవ్వేది.

ఒకసారి ఊసుపోక ఆ తీగ సంగతి అడిగాను. దానికి బ్యాటరీ ఎక్కడుందే అన్నాను.

"తీగకి బ్యాటరీ అక్కర్లేదక్కా. రెండు రకాల లోహాల తీగలు తీసుకుని కొసలు మెలేస్తాం. ఒక కొస వేడిలో, ఇంకో కొస చల్లగా ఉంటే మధ్యలో రవ్వంత కరెంటు పుడుతుంది. తేడా ఎంత ఎక్కువైతే అంత కరెంటు. దాన్నిబట్టి వేడి ఎంతో చెప్తాం."

"పుట్టడమేంటి? దానంతటదే?"

"దానంతటదే."

సరేలే, చదువుకున్నవాళ్ల మాటలు అనుకుని ఊరుకున్నాను.

అసలు గొడవ పొగతో మొదలైంది. మా పైన ఇంకో రెండు అంతస్తులు లేచాక చిమ్నీ గాలి లాగడం మానేసింది. అందుకని చిమ్నీ మొదట్లో, పొయ్యికి పైన, పొగ లాగే ఫ్యాను పెట్టించాం. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. కరెంటు పోయిందంటే మాత్రం పొగంతా వెనక్కి తిరిగి పొయ్యి గదిలోకి, అక్కడి నుంచి మెట్ల మీదుగా పైకి. చలికాలంలో మా వీధికి కరెంటు ఉన్నది ఉన్నట్టు కాదు. ఒకరోజు పై అంతస్తులో వయొలిన్ నేర్పే మాస్టారు పొగకు ఊపిరాడక పడిపోతే, ఆయన్ని నలుగురు పట్టుకుని మెట్లు దించారు. ఆసుపత్రి నుంచి బాగానే తిరిగొచ్చారనుకోండి, కానీ ఆ మెట్ల మీద ఆయన మొహం చూశాక నాకు చాలా రోజులు అన్నం సయించలేదు.

మాస్టారు పడిపోయిన మర్నాడే ఫైర్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, గట్టిగా మాట్లాడని మనిషి. అరిచేవాడైతే మామగారు ఎదురరిచి సరిపెట్టేవారు. అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని మరీ చెప్పాడు. "పెద్దాయనా, మీ పొయ్యి బాగుంది. కానీ కరెంటు పోయినా ఫ్యాను ఆగకూడదు. నెలాఖరుకి వచ్చి మెయిన్ ఆపి చూస్తాను. ఒక వాయి మొత్తం అయ్యేదాకా ఫ్యాను తిరిగితే సరే. ఆగితే పొయ్యికి సీలు వెయ్యాల్సిందే. నా చేతుల్లో ఏమీ లేదు."

ఏం చెయ్యాలి? బ్యాటరీలు అప్పటికే పెట్టి చూశాం, పొయ్యి వేడికి పొట్ట ఉబ్బి చచ్చాయి. జనరేటరు పెడదామని మా ఆయన అంటే, "దాని పొగ ఎటు పోతుంది, మళ్లీ మాస్టారి ముక్కులోకేగా?" అన్నాను. ఈ పొయ్యి తీసేసి కరెంటు పొయ్యి పెట్టుకోమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. మామగారి ముందు ఆ మాట అన్నది మాత్రం మా ఆయన ఒక్కడే, అదీ ఒక్కసారే.

"అయితే నాక్కూడా సీలు వేసి పొమ్మనరా," అన్నారు మామగారు.

కోపంగా అని ఉంటే నాకు భయం ఉండేది కాదు. మెల్లగా అన్నారు. ఆ రోజు నుంచి ఆయన అరవడం తగ్గిపోయింది. కంచం ముందు కూర్చుంటారు, నాలుగు మెతుకులు కెలికి లేస్తారు. పని లేనప్పుడు పొయ్యి గోడకు అరచెయ్యి ఆనించి నిలబడతారు. జ్వరం చూసినట్టు. ఆయన ప్రాణం ఆ గోడలో ఉంది, ఇందులో దాపరికమేం లేదు. పొయ్యికి సీలు పడితే ఈ మనిషి బతకడు అని నాకు, మా ఆయనకు, చిన్నదానికి తెలుసు. ఒకరితో ఒకరం అనుకోలేదు, అంతే.

నాలుగైదు రోజులకు చిన్నది ఫ్యాక్టరీ నుంచి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చింది. వంటింటి బల్ల మీద పెట్టి నన్ను కేకేసింది. లోపల బిస్కెట్ అంతే ఉన్న తెల్లటి పలకలు, ఒక్కోదానికి రెండేసి తీగలు. వీటిని థర్మోఎలక్ట్రిక్ పలకలంటారని చెప్పింది. దాని టీ తీగలో జరిగే సంగతే వీటిలోనూ జరుగుతుందట, కాకపోతే లోపల అలాంటివి బోలెడు జతలు పక్కపక్కన పేర్చి ఉంటాయట.

చన్నీళ్ల గిన్నె మీద పలక పెట్టింది. పలక మీద మరిగే నీళ్ల గిన్నె. తీగలు ఒక బొమ్మ ఫ్యానుకు తగిలించింది. నా కళ్లముందే ఆ బొమ్మ ఫ్యాను కదిలి, ఊగి, గిర్రున తిరిగింది.

"ఓరి నాయనో!" అన్నాను. బల్ల కింద ఇంకేదైనా ఉందేమోనని వంగి చూశాను కూడా.

"ఇప్పుడు చూడు," అని కింద చన్నీళ్లు పారబోసి, ఆ గిన్నెలో కూడా మరిగే నీళ్లు పోసింది. ఫ్యాను ఆగిపోయింది.

"అదేంటే! ఇప్పుడు రెండువైపులా వేడే కదా, ఇంకా జోరుగా తిరగాలి!"

"కరెంటు వేడిలోంచి రాదక్కా. తేడాలోంచి వస్తుంది. వేడి ఇటు నుంచి అటు పోతూ ఉండాలి. పోవడానికి చల్లటి చోటు లేకపోతే కదలదు. కదలకపోతే కరెంటు లేదు." అంతవరకు నవ్వుతూ చెప్పి, గొంతు తగ్గించింది. "మన పొయ్యి చిమ్నీ మెడ ఎంత కాలుతుందో నేను కొలిచాను. పెరట్లో చలి ఎంతుందో కొలిచాను. ఫ్యానుకి చాలు. పొయ్యి ఫ్యానుని పొయ్యే తిప్పుకుంటుంది. కరెంటు పోతే మనకేంటి?"

నేను దాని మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. వృథాగా చిమ్నీలోంచి పోయే వేడి! మేమంతా పుట్టి మునిగినట్టు మొహాలు వేలాడేసుకుని తిరుగుతుంటే, ఇది తీగ పట్టుకుని చిమ్నీ మెడ కొలిచింది. ఆ నిమిషంలో అది నాకు నచ్చింది. ఎంత నచ్చిందంటే గట్టిగా పట్టుకుని ముద్దు పెట్టాలనిపించింది. అలవాటు లేక, "టీ తాగుతావా?" అన్నాను.

ఈ గారడీ చూడ్డానికి మామగారిని కూడా పిలిచాం. రాలేదు. "నా పొయ్యికి తీగలు గుచ్చితే ఊరుకోను" అని పక్కగదిలోంచే అరిచారు. ఆ అరుపు విని నాకు ప్రాణం లేచొచ్చింది, ఎన్నాళ్లకో అరిచారు మరి. సరేనని మాత్రం అనలేదు. కానీ మర్నాడు మేం సామాన్లు దింపుతుంటే చెప్పులేసుకుని, "అలా తిరిగొస్తా" అని వెళ్లి, సాయంత్రందాకా రాలేదు. ఈయన సరేననడం ఇలాగే ఉంటుంది.

చిమ్నీ మెడ పొయ్యి వెనక గోడలోంచి పిండి గదిలోకి వచ్చి, గోడ వెంట పైకి పోతుంది. పక్కనే పెరటి కిటికీ. మెడకు ఇనుప రేకు బిగించి, దాని మీద పలకలు పరిచి, పలకల మీద దువ్వెన పళ్లలా రెక్కలున్న అల్యూమినియం దిమ్మలు బిగించాలి. ఆ రెక్కలకు బయటి చలిగాలి తగలాలని కిటికీకి ఒక అద్దం తీసేసింది. గాలి పిండి మీదకు పోకుండా చెక్కలు అడ్డం కొట్టింది. దూరం నుంచి చూస్తే అదొక పెట్టెలా ఉంటుంది, మేమంతా పెట్టె అనే అనేవాళ్లం.

చెప్పినంత తేలిగ్గా అయిందనుకోకండి. మొదటిసారి బిగించినప్పుడు స్క్రూలు ఒకవైపు ఎక్కువ బిగిసి పలకలు పటుక్కున విరిగాయి. చిన్నది నేల మీద చతికిలబడి ఆ ముక్కలకేసి చూస్తూ కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. లేచి చేతులు కడుక్కుని వచ్చి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. పలకకు, రేకుకు మధ్య బూడిదరంగు పేస్టు రాయాలి, ఎక్కడా మందం కాకూడదు, ఎక్కడా ఖాళీ ఉండకూడదు. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు తుడిచేసింది. చివరికి కత్తి నా చేతికిచ్చి, "వెన్న రాసే చెయ్యి నీది. నువ్వే రాయక్కా," అంది. రాశాను. నేను రాసిన పలకల్ని వేలితో మెల్లగా నొక్కి చూసి, "అబ్బ, ఎంత బాగా రాశావు!" అంది. ఫ్యాక్టరీ ఇంజినీరు నా చెయ్యి మెచ్చుకుంటే, ఏం దాచుకోను, రెండు రోజులు నేల మీద నడవలేదు.

నిప్పు రాజేసి, చిమ్నీ వేడెక్కేదాకా కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాం. ఫ్యాను రెక్క ముందు వణికింది. తర్వాత ఒక చుట్టు తిరిగింది, బద్ధకంగా. ఆ తర్వాత రెక్కలు విడివిడిగా కనిపించడం మానేశాయి. గోడలో తీగ లేదు, స్విచ్చి లేదు, నూనె లేదు, చప్పుడు చేసే యంత్రం లేదు. ఇటు మంట, అటు చలి, మధ్యలో బిస్కెట్ పలకలు. మా ఆయన నోరు తెరిచి చూస్తూ వ్యాను సంగతి మర్చిపోయాడు. గుమ్మం అవతల మామగారి చెప్పుల చప్పుడు వినిపించింది, కాసేపు ఆగింది, వెళ్లిపోయింది.

 ఆ తర్వాత నుంచి ఆయన పొయ్యి దగ్గరకు వచ్చినప్పుడల్లా ముందు ఫ్యానుకేసి చూడడం నేను కనిపెట్టాను. నేను చూస్తున్నానని తెలిస్తే వెంటనే దగ్గేవారు.

నెలాఖరు వచ్చింది, ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆ రోజు చలి ఎముకలు కొరుకుతోంది. చిన్నది ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. మధ్యాహ్నం వాయికి బన్నుల ట్రేలు సిద్ధంగా ఉన్నాయి, సాయంత్రం వాయికి కావాల్సిన పిండి వెనక గదిలో పొంగుతోంది. ఇన్‌స్పెక్టర్ సంచి కింద పెట్టాడు. లోపల సీలు వేసే తీగ, లక్క కనిపిస్తున్నాయి. మామగారు వాటినే చూస్తున్నారు.

"ఆపుతున్నాను," అని ఇన్‌స్పెక్టర్ మెయిన్ దించాడు.

లైట్లు ఆరిపోయాయి. ముందు గదిలో ఫ్రిజ్ గురక ఆగింది. ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది. నేను ఊపిరి వదిలాను. ఇన్‌స్పెక్టర్ చిమ్నీ కింద నిలబడి పైకి చూసి, చిన్నదానికేసి చూసి, "దీనికి కరెంటు ఎక్కడి నుంచి?" అన్నాడు. చిన్నది చెప్పడం మొదలుపెట్టింది. నేను ట్రేలు లోపలికి తోశాను. మామగారు చేతులు వెనక్కి కట్టుకుని ఈ గదికీ ఆ గదికీ కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నారు. పొమ్మనడానికి నాకు నోరు రాలేదు.

వాయి సగంలో ఉండగా ఫ్యాను గొంతు మారింది.

మొదట నా భ్రమ అనుకున్నాను. తర్వాత ఫ్యాను రెక్కలు విడివిడిగా కనిపించాయి. పొయ్యి నోటి పైనుంచి సన్నటి పొగ బయటికి పాకింది.  "నిప్పు చాలట్లేదే!" అని కట్టెలు తీసి లోపలికి కుక్కాను. ఫ్యాను ఇంకా నెమ్మదించింది. ఇంకో కట్టె తీయబోతే చిన్నది నా చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా! నిప్పు బాగానే ఉంది. మంట పెరిగింది, కరెంటు తగ్గింది!" చేతిలో మీటరు నాకు చూపించింది. తీగలు తడిమింది, అతుకులు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ వంగి సంచి అందుకున్నాడు. అందుకుని ఏం చెయ్యలేదు, పట్టుకుని నిలబడ్డాడు. చిన్నది ఒక్క క్షణం కదలకుండా ఉండి, "చలి!" అని పిండి గదిలోకి పరుగెత్తింది. నేను వెనకే పరుగెత్తాను.

పెట్టె మీద రగ్గు కప్పి ఉంది.

ఆ రగ్గు సంగతి మీకు చెప్పాలి. అది పిండికి కప్పే రగ్గు. చలిరోజుల్లో పొంగే పిండికి గాలి తగలకుండా మామగారు దాన్ని కప్పుతారు. ఎవరినీ ముట్టుకోనివ్వరు, ఉతుక్కోవడం కూడా ఆయనే. మా ఆయనకు ఒకసారి చలిజ్వరం వస్తే కప్పుతానన్నాను, "వాడికి దుప్పట్లున్నాయిగా" అన్నారు. అంతటి రగ్గు తెచ్చి, రెక్కల మీద ఎక్కడా సందు లేకుండా కప్పి, మూలలు నాలుగూ లోపలికి మడిచి పెట్టారు. పసిపిల్లకు కప్పినట్టు కప్పారు.

"ఇదెవరు కప్పారు?" వెనకే వచ్చిన ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"నేనే," అన్నారు మామగారు గుమ్మంలోంచి. "కిటికీ అద్దం ఊడబీకి, దాన్ని ఆ గాలికి వదిలేశారు. ఇంత చలిలో అదెలా పని చేస్తుంది పాపం? పిండయినా పొంగదు."

నాకు అరవాలో నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బిగించిన రోజు నుంచీ ఆ పెట్టెకేసి మొహం కూడా తిప్పని మనిషి! ఆయన అరవై ఏళ్ల బేకరీ బుద్ధికి తెలిసిన మర్యాద అదొక్కటే, చలికి దాచడం. అదే దాని గొంతు నొక్కేసింది. చిన్నది రగ్గు మీద చెయ్యి వేసి నిలబడింది. దాని కళ్ల నిండా నీళ్లు. కోపంతో మాత్రం కాదు, ఆ మొహం నేను చూశాను.

"మామయ్యా," అంది, "ఇది పిండి కాదు. దీనికి ముందువైపు ఎంత వేడి కావాలో వెనకవైపు అంత చలి కావాలి. వెనకవైపు కూడా వేడెక్కితే ఇది చచ్చిపోతుంది."

మామగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నా చేత్తోనే చంపానా?"

"ఇంకా చావలేదు." రగ్గు లాగేసింది. ఊలు మాడిన వాసన గుప్పుమంది. రెక్కలు ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. మధ్య గదిలో ఫ్యాను ఒక్కో రెక్కా లెక్కపెట్టేంత నెమ్మదిగా తిరుగుతోంది. ఒక్క అద్దం సందులోంచి వచ్చే గాలి ఈ వేడికి ఏ మూలకి?

"ఇప్పుడు దీనికేం కావాలి?" అన్నారు మామగారు.

"చలి. చాలా చలి. వెంటనే."

పెరటి తలుపు పిండి గదిలోనే ఉంది. పిండి పొంగుతుండగా ఆ తలుపు తీసినవాళ్లు మా ఇంట్లో లేరు. పెళ్లయిన కొత్తలో నేను వేలెడంత తెరిచి బయటికి చూసినందుకు ఆయన పెట్టిన కేకలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. ఆ సాయంత్రం వాయికి పిండంతా అక్కడే, బల్లల మీద, నిండుగా పొంగి, ఇంకాసేపట్లో పొయ్యిలోకి పోవడానికి సిద్ధంగా ఉంది. మామగారు పిండికేసి చూశారు. నేను ఆయనకేసి చూశాను. 

"పెద్దమ్మాయ్, అడ్డం లే," అన్నారు.

గడియ తీసి రెండు తలుపులూ బార్లా తెరిచారు. చలిగాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి మొహాన కొట్టింది. అడ్డంగా కొట్టిన చెక్కల్ని చిన్నది, నేను చేతులతో ఊడబీకాం. గాలికి తలుపులు మూసుకుపోతుంటే ఆయన రెండు తలుపు రెక్కలూ రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు. ఒంటి మీద పల్చటి చొక్కా ఒక్కటే. కళ్ల ముందే పిండి ముడుచుకుని కిందికి దిగిపోతోంది. ఆయన అటు తల తిప్పలేదు. చెవి మధ్య గదికి అప్పగించి నిలబడ్డారు.

ముందు ఏమీ లేదు. తర్వాత ఫ్యాను చప్పుడు కొంచెం సాగింది. తర్వాత ఇంకొంచెం. చిన్నది మీటరు చూస్తూ, "పెరుగుతోంది, పెరుగుతోంది," అని గొణుగుతోంది. ఆ తర్వాత చప్పుడు ఒక్కటే మోతగా కలిసిపోయింది. పొయ్యి నోటి దగ్గర పొగ వెనక్కి తిరిగి చిమ్నీలోకి పోయింది.

ఇన్‌స్పెక్టర్ సంచి కింద పెట్టాడు. రెక్కల దగ్గరకు వెళ్లి, ఇటు చిమ్నీ దగ్గర, అటు కిటికీ వైపు చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "నెమ్మదించింది. ఆగలేదు," అన్నాడు. "నేను చూడాల్సింది ఆగిందా లేదా అనే. ఇంతకే ఆగనిది మిగతా వాయికీ ఆగదు. ఆ పెట్టెకు ఒక జాలీ పెట్టండి, ఎవరూ ఏమీ కప్పకుండా." టోపీ పెట్టుకుంటూ చిన్నదానితో, "అమ్మా, ఇన్నేళ్ల సర్వీసులో ఎన్ని పొయ్యిలు చూశానో. ఇలాంటిది చూడలేదు," అన్నాడు. సంచి మూసి, వెళ్తూ వెళ్తూ మెయిన్ పైకెత్తాడు. లైట్లు వెలిగాయి.

నేను పిండి గదిలోకి ఒక్క ఉదుటున పరుగెత్తాను. "మామయ్యగారూ, గెలిచాం! ఆయన వెళ్లిపోయాడు, తలుపులు వేసెయ్యండి!"

"ఆ మెయిన్ మళ్లీ దించు," అన్నారు.

"ఎందుకండీ? ఆయన చూడ్డం అయిపోయింది!"

"ఆయన చూడ్డం అయింది. నేను చూడ్డం కాలేదు. వాయి ఇంకా పొయ్యిలో ఉంది."

ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లెవరు? దించాను. ఆయన పెదవులు నీలంగా తిరుగుతున్నాయి, తలుపులు పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. పిండి ఎప్పుడో చప్పబడి బల్లలకు అతుక్కుపోయింది. అలాగే నిలబడ్డారు. ట్రే తర్వాత ట్రే తీశాను. బన్నులు ఎర్రగా, సమంగా కాలాయి. చివరి ట్రే కూడా తీసి కేకేశాక కూడా ఆయన కదల్లేదు. చిన్నది వెళ్లి పక్కన నిలబడింది.

"పిల్లా," అన్నారు. థర్మామీటరు అనలేదు. "ఒక్క మాట అడుగుతాను, నా మొహం చూసి అబద్ధం చెప్పకు. ఇవాళ తలుపు తియ్యడానికి నేనున్నాను. రేపు నేను లేనప్పుడు?"

"నిప్పుండాలి, చలి ఉండాలి. అంతే మామయ్యా," అంది చిన్నది. "కిటికీ నేను పెద్దది చేస్తాను. అప్పుడు తలుపు తియ్యక్కర్లేదు. మీరుండక్కర్లేదు, నేనుండక్కర్లేదు. ఇది తిరుగుతూనే ఉంటుంది."

 పెద్దమనిషి మొహం మీద ఎవరైనా అలా అంటారా! ఆయన దాని కళ్లలోకి చూశారు. ఫ్యాను మోత కాసేపు విన్నారు. ఆయన భుజాలు కిందికి దిగడం వెనక నుంచి నాకు కనిపించింది.

"ఆ మాట కోసమే నిలబడ్డాను," అన్నారు.

అని తలుపులు ఒక్కొక్కటే దగ్గరకు వేసి, గడియ పెట్టారు. నేను మధ్య గదిలోకి పోయి, ట్రేలు సర్దుతున్నట్టు అటు తిరిగి ఏడ్చాను.